కలింబాకు ఏడు సమాన మెట్ల శ్రుతి

ప్రశ్న: సి మేజర్‌లో (సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి అనే పాశ్చాత్య స్వరాల వరుసలో) ఉన్న 17 రేకుల కలింబాను (బొటనవేళ్లతో లోహపు రేకులను మీటే వాద్యం), స్థాయిని (ఒక షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని) ఏడు సమాన భాగాలుగా పంచే శ్రుతిలోకి మార్చాలనుంది. ఏ రేకును ఎంత జరపాలి? ట్యూనర్‌లో (శ్రుతిని కొలిచి చూపే పరికరంలో) ఆ స్వరాలే కనిపించడం లేదు.

జవాబు: స్థాయికి 1200 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు), అందులో ఏడో వంతు సుమారు 171.4. సి రేకులు మూడింటినీ ముట్టుకోకండి. డి 29 సెంట్లు, ఇ 57, జి 14, ఏ 43, బి 71 తగ్గాలి. ఎఫ్ ఒక్కటే 14 పెరగాలి. పన్నెండు స్వరాల ట్యూనర్ చాలు. కాకపోతే సరిచేసిన ఇ రేకును అది డి షార్ప్ (డి కంటే అర్ధస్వరం పైది) ప్లస్ 43 అనీ, బి రేకును ఏ షార్ప్ ప్లస్ 29 అనీ చూపిస్తుంది. కంగారు పడి వెనక్కి తిప్పకండి, ఆగాల్సింది అక్కడే.

శ్రుతిని తేల్చేది బ్రిడ్జి (రేకులు ఆనే అడ్డకమ్మీ) నుంచి మీటే కొస దాకా ఉన్న పొడవు. రేకు వెనక కొసను తడితే ముందుకొచ్చి శ్రుతి దిగుతుంది, మీటే కొసను తడితే ఎక్కుతుంది. ఆ పొడవు 50 మిల్లీమీటర్లుంటే 71 సెంట్లకు ఒక్క మిల్లీమీటరు, 14 సెంట్లకు 0.2 సరిపోతుంది. పొట్టి రేకులకు ఇంకా తక్కువ. అందుకే చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి, గట్టిగా కొట్టకూడదు. మీటగానే వచ్చే లోహపు ‘టింగ్’ అసలు స్వరానికి ఆరు రెట్లకు పైనుండే అనుస్వరం (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరం). అది అణిగాకే ట్యూనర్ చూడండి. మొదటి విడతలో అన్నిటినీ దగ్గరికి తెచ్చి, మర్నాడు రెండో విడతలో సరిచేస్తే మేలు.

ఇప్పుడు ఇ రేకు కర్ణాటక సంగీతంలోని రెండు రకాల ‘గ’లకు, అంటే సాధారణ గాంధారానికీ దానికి పైనున్న అంతర గాంధారానికీ మధ్యలో, రెండింటికీ చెందకుండా పలుకుతుంది. పంచమం (జి రేకు) శుద్ధమైన దానికంటే 16 సెంట్లు తక్కువ. నాదం త్వరగా ఆగిపోయే వాద్యం కాబట్టి అది పెద్దగా బాధించదు. అసలు రుచి వేరే ఉంది: గ్రహభేదం (వేరే స్వరాన్ని షడ్జంగా తీసుకోవడం) చేస్తే రాగం మారాలి కదా, ఇక్కడ మారదు. రేకుల్లో దేన్ని షడ్జం అనుకున్నా అదే పాట, అదే నడక.

ప్రశ్న: శ్రుతి మార్చాక రెండు రేకులు జుమ్ అంటున్నాయి. ఎందుకు?

జవాబు: జరిపిన రేకు బ్రిడ్జి మీద పూర్తిగా ఆనడం లేదు, లేదా పక్క రేకును తాకుతోంది. ముందు పక్కకు అర మిల్లీమీటరు జరిపి చూడండి. పోకపోతే బ్రిడ్జికీ రేకుకీ మధ్య సన్నని కాగితం ముక్క పెట్టండి. కలింబా లాంటి జింబాబ్వే వాద్యం ఎంబిరాలో మాత్రం జుమ్మనే ధ్వని కోసమే సీసా మూతలు బిగిస్తారు, దాన్ని సరిచేయబోకండి.

ప్రశ్న: ఒక రేకును నాలుగు అర్ధస్వరాలు దించవచ్చా?

జవాబు: 50 మిల్లీమీటర్ల రేకు దాదాపు 6 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. వెనక కొస ఇంకా రేకులను నొక్కిపట్టే పట్టీ కింద మిగులుతుందో లేదో ముందే కొలవండి. మిగలకపోతే మీటే కొస అడుగున తేనెమైనం ముద్ద అంటించండి. బరువు పెరిగి శ్రుతి దిగుతుంది, నాదం కాస్త పొట్టిదవుతుంది. ఎక్కువ దిగితే మైనం గిల్లి తీసేయండి.