ఒంగోలులో బీటెక్ అయ్యాక: ఏఐ, డేటా ఉద్యోగాల్లో దేనికి జీతం, దేనికి గిరాకీ?

జీతం పైమెట్టు ఎంఎల్ (మెషిన్ లెర్నింగ్) ఇంజనీర్‌దే, అంటే డేటా నుంచి నేర్చుకుని అంచనాలు చెప్పే ప్రోగ్రాములు (మోడళ్లు) తయారుచేసేవారిదే. కానీ ఫ్రెషర్లను తీసుకునేది తక్కువ. చాలాచోట్ల ఎంటెక్కో, రెండుమూడేళ్ల అనుభవమో అడుగుతారు. డేటా అనలిస్ట్‌గా (ఉన్న డేటాను విశ్లేషించి రిపోర్టులిచ్చే పని) చేరడం తేలిక, పోటీ విపరీతం, జీతం తక్కువ. నన్నడిగితే డేటాను సేకరించి, శుభ్రం చేసి అందించే డేటా ఇంజనీర్ పని మేలు: మోడల్ ఏదైనా ముందు డేటా శుభ్రంగా చేరాలి కదా. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష), పైథాన్, స్పార్క్ (భారీ డేటాను ప్రాసెస్ చేసే సాధనం), ఏదో ఒక క్లౌడ్ చాలు. ప్రాంప్ట్ ఇంజనీర్ (ఏఐకి సరైన ఆదేశాలు రాసే పని) కోర్సులకు డబ్బు తగలెయ్యకండి, ఆ పేరుతో విడిగా ఉద్యోగాలు అరుదు.

ఉద్యోగానికి చూపించే ప్రాజెక్టుకు అందరూ చేసే టైటానిక్ డేటా (ఆ ఓడ ప్రయాణికుల జాబితా) వద్దు. నెల్లూరు రొయ్యల ధరలు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) వారీగా రోజూ డేటాబేస్‌లోకి ఎక్కించండి. ధరల పట్టికను అమ్మకాలతో కలిపేటప్పుడు తేదీ ఒక్కటే పెట్టి జాయిన్ చేస్తే (రెండు పట్టికల వరుసలు జతచేస్తే) 30 కౌంట్ అమ్మకానికి 100 కౌంట్ ధర కూడా అతుక్కుని వరుసలు పెరిగిపోతాయి, మొత్తం తప్పుతుంది. తేదీ, కౌంట్ రెండూ పెట్టాలి. ఇంటర్వ్యూల్లో తరచూ అడిగేది ఇలాంటిదే.

ఆఫర్ లెటర్‌లో సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే ఏడాది మొత్తం ఖర్చు) 6 లక్షలంటే నెలకు 50 వేలు చేతికి రావు. నెల లెక్కన వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) 10 శాతమైతే 5,000, పీఎఫ్ రెండు వాటాలు (కంపెనీది, మీది) 1,800 చొప్పున అయితే 3,600, గ్రాట్యుటీ సుమారు 1,200, వృత్తి పన్ను 200 పోను చేతికొచ్చేది సుమారు 40 వేలు.