పన్ను సలహాదారు బాధ్యత క్లయింటు దగ్గరే ఆగిపోతుందా?

"చట్టం ఒప్పుకున్న ప్రతి దారీ క్లయింటుకి చూపించాల్సిందేనా, ఖజానా గురించి కూడా సలహాదారు ఆలోచించాలా?" అని అడిగారు. ఆలోచించాలి. "చట్టంలో కంత ఉంటే అది రాసినవాడి తప్పు, మనదేం పోయింది" అనే ఆడిటర్లు నాకు బోలెడంతమంది తెలుసు. వాళ్లతో వాదించడం మానేశాను.

నేను ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసిన ఆఫీసుకి ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. చేతిలో లెక్కలేని నగదు. "ఊళ్లో మామిడితోట ఉంది సార్, వ్యవసాయ ఆదాయంలో చూపించేద్దాం" అన్నాడు, కాఫీ చెప్పమన్నంత తేలిగ్గా. దాని మీద పన్ను లేదని అందరికీ తెలిసిందే. మా సార్ కాదనలేదు. తెల్లకాగితం తీసి ఒక్కొక్కటే అడుగుతూ రాసుకున్నారు. ఎన్ని ఎకరాలు? ఏ రకం? ఏ మండీకి తోలారు? పట్టీలు, అంటే అమ్మిన రసీదులు, ఉన్నాయా? అతను బంగినపల్లి అన్నాడు, పట్టీలు తెప్పిస్తానన్నాడు. "చెట్ల వయసెంత?" అన్నారు సార్. "పోయినేడే నాటాం సార్." సార్ పెన్నుకి మూత పెట్టేశారు. అతను ఫైలు పట్టుకుని వెళ్లిపోయాడు. పక్కవీధిలో సంతకం దొరికే ఉంటుంది.

అది పచ్చి ఎగవేత, మేం అడిగింది చట్టబద్ధమైన ప్లానింగ్ గురించి అంటారేమో. రెండిటికీ వచ్చే మనిషి మాత్రం ఒకడే. ఈ ఏడు మామిడితోట, వచ్చే ఏడు ఎవరో గీసిచ్చిన ట్రస్టు డీడు.

దీని మీద చదవదగ్గది 1985 నాటి మెక్‌డవెల్ తీర్పు. హైదరాబాద్‌లోని మద్యం కంపెనీ అమ్మకం పన్ను గొడవ అది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లిన జస్టిస్ చిన్నపరెడ్డి అందులో తన తీర్పు విడిగా రాశారు. పన్ను తప్పించుకునే యుద్ధంలో దేశంలోని మంచి మంచి బుర్రలు ఖర్చైపోవడం సమాజానికి కనపడని నష్టం అన్నారు. తెలివైనవాడు దించుకున్న బరువు అమాయకుడి భుజాల మీద పడుతుందనీ అన్నారు. జీతం చేతికి రాకముందే టీడీఎస్ పోగొట్టుకునేవాడిని అడిగితే ఇదే చెప్తాడు. 2003లో ఆజాదీ బచావో కేసులో ఇద్దరు సుప్రీంకోర్టు జడ్జీలు, ఆ మాటలు ధర్మాసనం మొత్తానివి కావని పక్కన పెట్టారు. నా దృష్టిలో చిన్నపరెడ్డిదే సరైన మాట. 2017 ఏప్రిల్ నుంచి, పన్ను తప్పించుకోవడానికే అల్లిన ఏర్పాట్లని కొట్టేసే గార్ (GAAR) నిబంధనలు వచ్చాయి కానీ, పన్ను లాభం 3 కోట్లు దాటితే తప్ప అవి కదలవు.

ఇక మా వృత్తి సెమినార్లు! నైతికత మీద ఉపన్యాసం ఎప్పుడూ భోజనాల తర్వాతే, సగం హాలు నిద్రలో ఉన్నప్పుడు. రిపోర్టులోనో సర్టిఫికెట్‌లోనో తప్పుడు సమాచారం ఇచ్చిన అకౌంటెంట్‌కి 2017లో ఒక జరిమానా తెచ్చారు. ఒక్కో దానికి 10,000 రూపాయలు. కొన్ని సంతకాలకి ఫీజే అంతకంటే ఎక్కువ తీసుకుంటారు.