జరిగిపోయిన సంగతులు ఇంగ్లీషులో చెప్పడం గురించి మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు పేరాలు రెండుసార్లు చదివాను తల్లీ. చెప్పదలుచుకున్నది చక్కగా చెప్పావు, మాటలకూ కొరత లేదు. తడబాటంతా జరిగిపోయిన సంగతుల దగ్గరే వస్తోంది. "ఐ డిడ్ నాట్ వెంట్" అని ఒకచోట, "ఐ హావ్ మెట్ హర్ ఎస్టర్‌డే" అని ఇంకోచోట, "ఐ వాజ్ నోయింగ్ హిమ్" అని మరోచోట రాశావు. చూడ్డానికి మూడు వేరువేరు తప్పులు. మూలం మాత్రం ఒకటే, సింపుల్ పాస్ట్ మీద, అంటే వెంట్, మెట్, న్యూ లాగా జరిగిపోయినదాన్ని ఒక్క క్రియతోనే చెప్పే రూపం మీద, నీకు నమ్మకం చాలడం లేదు. ఒక్క క్రియతో పని అయిపోయేచోట ఇంకేదో తగిలిస్తే గాని సరిపోదేమోనని అనుమానపడుతున్నావు. పని అయిపోయింది, ఆ సమయమూ గడిచిపోయింది అంటే ఆ సంగతి వాక్యంలో ఒక్కచోట చెబితే చాలు.

ముందు డిడ్ విషయం. మన మాటల్నే గమనించు. వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళింది అని మనిషిని బట్టి క్రియ మారుతుంది. కాదని చెప్పేసరికి నేను వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు, అన్నీ ఒకటే. అక్కడ జరిగిపోయిన కాలాన్ని చెప్పేది 'లేదు'. దాని ముందున్న 'వెళ్ళ'కు సొంతంగా ఏ కాలమూ లేదు. ఇంగ్లీషులో డిడ్ నాట్ చేసే పని కూడా అదే. డిడ్ వచ్చిందంటే కాలం చెప్పడం అయిపోయింది, ఇక క్రియ తన మామూలు రూపంలోనే ఉండాలి. "ఐ డిడ్ నాట్ గో." నువ్వు రాసిన "డిడ్ నాట్ వెంట్" ఎలా ఉందంటే, తెలుగులో "వెళ్ళాను లేదు" అన్నట్టుంది. అలా ఎప్పుడూ అనవు కదా! ప్రశ్నలోనూ అంతే, "డిడ్ యూ గో?" అనాలి. అయితే చేసిందెవరు, జరిగిందేమిటి అని కర్తనే అడిగేటప్పుడు డిడ్ రాదు. "హూ కేమ్?", "వాట్ హాపెన్డ్?" అంతే. వాజ్, వర్‌లకూ డిడ్ అక్కర్లేదు, "వర్ యూ దేర్?" అంటే చాలు.

హావ్ దగ్గర చిక్కు ఇంకాస్త లోతైనది. "తాళంచెవి పోగొట్టుకున్నాను" అని మనం ఒకే మాట అంటాం. ఇంగ్లీషువాళ్ళు రెండు రకాలుగా అంటారు. ఇప్పటికీ దొరకలేదు, గుమ్మం బయటే నిలబడ్డాను అని చెప్పాలంటే "ఐ హావ్ లాస్ట్ మై కీ". నిన్న ఎప్పుడో పోయింది అని ఆ సంఘటన చెప్పాలంటే "ఐ లాస్ట్ మై కీ ఎస్టర్‌డే". ఎస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ ఇయర్స్ అగో, ఫలానా సంవత్సరంలో అని గడిచిపోయిన సమయం పేరు పెట్టావంటే హావ్‌ను పక్కన పెట్టెయ్. "నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వాక్ట్ ఆన్ ద మూన్ ఇన్ 1969" అంటాం. అక్కడ 'హాజ్ వాక్ట్' పొసగదు.

వాజ్ తగిలించే అలవాటు మన 'నడిచేదాన్ని', 'చదివేదాన్ని' లాంటి మాటల నుంచి వస్తుందని నా అభిప్రాయం. రోజూ నడిచేదాన్ని అనగానే "ఐ వాజ్ వాకింగ్ డైలీ" అని నోటికి వచ్చేస్తుంది. "ఐ వాక్ట్ ఎవ్రీ డే" అంటే సరిపోతుంది. ఇప్పుడు ఆ అలవాటు లేదని కూడా తెలియాలంటే "ఐ యూస్డ్ టు వాక్" అను. నో (తెలిసి ఉండటం), బిలీవ్, లైక్ లాంటి క్రియలకు మామూలుగా ఐఎన్‌జీ చేర్చరు కాబట్టి "ఐ న్యూ హిమ్" అనే రాయాలి. హాడ్ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. గతంలో జరిగిన రెండు పనుల్లో ఏది ముందో తేల్చాల్సి వచ్చినప్పుడే దాని అవసరం. ఒంటరి వాక్యంలో "ఐ హాడ్ గాన్ ఎస్టర్‌డే" అనకు.

ఇక రూపాలు. గో, వెంట్, గాన్ అని మూడేసి వల్లెవేయడం నాకు అంతగా నచ్చదు. మూడోది రెండోదాని చోటికి వచ్చి కూర్చుంటుంది, "ఐ డన్", "ఐ సీన్" అనేవి అలా వచ్చినవే. మొదట రెండు రూపాలే పట్టుకో. బీ, హావ్, డూ, సే, గో, గెట్, మేక్, నో, టేక్, కమ్, సీ అనే క్రియలు లేకుండా రోజు గడవదు. వీటిలో ఒక్కటీ క్రియ చివర ఈడీ (-ed) చేర్చే నియమానికి లొంగదు. ఎక్కువగా వాడే మాటలే పాత రూపాల్ని వదలకుండా నిలుపుకున్నాయి. వెంట్ అసలు వెండ్ అనే వేరే క్రియది, గో దాన్ని సొంతం చేసుకుంది. అందుకని అక్కడ తర్కం వెతకొద్దు. శబ్దాన్ని బట్టి గుంపులు కట్టుకో. స్యాంగ్, ర్యాంగ్, డ్రాంక్, స్వామ్ ఒక గుంపు. బాట్, బ్రాట్, థాట్, కాట్, టాట్ ఒకటి. కెప్ట్, స్లెప్ట్, ఫెల్ట్ ఇంకొకటి. కట్, పుట్, హిట్, షట్ అసలు మారవు. రీడ్ అక్షరాలు మారవు గాని పలికేటప్పుడు రెడ్ అవుతుంది. ఊరట కలిగించే సంగతి కూడా ఒకటుంది. మనిషిని బట్టి మారేది వాజ్, వర్ మాత్రమే. మిగతా ప్రతి క్రియా నాకూ నీకూ వాళ్ళకూ ఒకటే.

ఈడీని పలకడం చాలామంది పట్టించుకోరు, నువ్వు పట్టించుకో. టి, డి శబ్దాలతో ముగిసే క్రియలకే అది విడిగా వినిపించాలి. వాంటిడ్, నీడిడ్ అంటాం. క్, ప్, స్, ష్, చ్ లాంటి శబ్దాల తర్వాత అది ట్ అవుతుంది. కాబట్టి 'వర్కెడ్' కాదు, వర్క్ట్. 'ఆస్కెడ్' కాదు, ఆస్క్ట్. మిగతాచోట్ల డ్, ప్లేడ్, కాల్డ్ లాగా. రాతలో స్టాప్‌కు పి రెండుసార్లు రావాలని, స్టడీలో వై పోయి ఐ వస్తుందని నీకు తెలుసు.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు చేసిన పనులు ఐదారు వాక్యాల్లో పైకి చెప్పుకో. ఒక్కో వాక్యాన్నీ వెంటనే కాదన్నట్టు ఒకసారి, ప్రశ్నగా ఒకసారి మార్చు. "ఐ బాట్ ఎ బుక్. ఐ డిడ్ నాట్ బై ఎ బుక్. డిడ్ ఐ బై ఎ బుక్?" బాట్ నుంచి బైకి తిరిగి రావడం నాలుకకు అలవాటు కావాలి, కాగితం మీద ఎంత రాసినా ఆ అలవాటు రాదు.

వచ్చే ఉత్తరంలో పోయిన వారం ఏమేం చేశావో ఇంగ్లీషులోనే రాయి. హావ్, హాడ్, వాజ్ రాసిన ప్రతిచోటా కింద గీత గీసి, అక్కడ దాని అవసరం ఏమిటో పక్కన తెలుగులో ఒక ముక్క రాసి పంపు.

ప్రేమతో,
తాతయ్య