పాత పరిశోధన పత్రాలు చదవబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

జన్యుశాస్త్రంలో అడుగుపెడుతూ, వందేళ్ల నాటి పత్రాలు ఇప్పుడెందుకని అడిగావు. చదువు, కానీ ఒక పద్ధతి పెట్టుకో. నోట్సులో పేజీ మధ్యన నిలువుగా గీత గీయి. పరిశోధకుడు కళ్లారా చూసింది ఎడమవైపు రాయి, దాన్నిబట్టి ఊహించింది కుడివైపు రాయి.

ఆల్కాప్టోన్యూరియా మీద లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారోడ్ 1902లో ప్రచురించిన పత్రంతో మొదలుపెట్టు. ఆ జబ్బు ఉన్నవారి మూత్రం గాలి తగిలి కాసేపు నిలవ ఉంటే నల్లబడుతుంది. పేగుల్లో చేరిన ఏదో సూక్ష్మజీవి పని అని అప్పట్లో చాలామంది నమ్మారు. గారోడ్‌కు కనిపించినవి వేరు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పొత్తిగుడ్డల మీద నల్లటి మరకలు. తల్లిదండ్రులకు ఏమీ లేదు, తోబుట్టువుల్లో మాత్రం ఇద్దరు ముగ్గురికి అదే లక్షణం. ఆరా తీస్తే చాలా జంటలు దగ్గరి రక్తసంబంధీకులు. మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చి అప్పటికి రెండేళ్లే. ఈ తీరు అంతర్గత లక్షణానికి, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే బయటపడే లక్షణానికి, సరిపోతుందని ఆంగ్ల జన్యుశాస్త్రవేత్త విలియం బేట్సన్ గుర్తించారు. మనిషి జబ్బును మెండెల్ లెక్కతో ముడివేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

విద్యార్థిగా నేను ఇక్కడే పొరబడ్డాను. ఈ జబ్బున్నవారిలో ‘ఎంజైమ్ లేదు’ (ఎంజైమ్ అంటే ఒంట్లో రసాయన మార్పులు నడిపించే ప్రోటీన్) అని ఎడమవైపు రాశాను. నిజానికి అది 1908 ఉపన్యాసాల్లో గారోడ్ చేసిన ఊహ. కాలేయంలో ఆ ఎంజైమ్ లేదని ప్రయోగంతో తేలింది 1958లో, జన్యువు దొరికింది 1996లో. ఆ పొరపాటు దిద్దుకున్నాకే ఆ ఊహ ఎంత సాహసమో నాకు తెలిసింది.

కొడవలి కణాల రక్తహీనత కూడా ఇలాగే చదువు. షికాగోలో జేమ్స్ హెరిక్ 1910లో వంకర తిరిగిన ఎర్రకణాలను వర్ణించారు, కారణం తేల్చలేదు. తేడా హిమోగ్లోబిన్‌లోనే ఉందని 1949లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం చూపింది. ఆ తేడా ప్రోటీన్ గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లమని 1950లలో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు.

ఇంకో రకం పత్రాలూ అదే కాలంలో వచ్చాయి, వాటినీ తప్పించుకోకు. అమెరికాలో చార్లెస్ డావెన్‌పోర్ట్ వంటివారు పేదరికం, నేరబుద్ధి కూడా రక్తంలోనే వస్తాయని వంశవృక్షాలు గీశారు. వాటిలో చాలా వివరాలు ఇరుగుపొరుగు చెప్పిన మాటలే. ఎడమవైపు గడిలో రాయడానికి దాదాపు ఏమీ మిగలదు. అయినా ఆ రకమైన నమ్మకాల మీదే, 1907లో ఇండియానా మొదలుకొని, మనుషులకు బలవంతంగా సంతానం కలగకుండా చేసే చట్టాలు వచ్చాయి. ఆ పేజీలు చదివినప్పుడల్లా నా మనసు కుంగిపోతుంది.

గారోడ్ పత్రం పూర్తయ్యాక నీ పేజీ నాకు పంపు. ముందు ఎడమవైపు చూస్తాను.

శుభాకాంక్షలతో,
నీ పాత మాస్టారు