చట్టం ఎత్తేస్తారట, కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మావారు కోపమొస్తే చెయ్యి చేసుకుంటారు. కేసు పెడతానంటే, "టర్కీలో, రష్యాలో ఆడవాళ్ల చట్టాలు తీసేశారు. రేపు ఇక్కడా అంతే. ఫ్లాట్ మా అమ్మది, నడువు బయటికి" అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజమేనమ్మా. 2021 మార్చిలో టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్, పార్లమెంటును అడగకుండానే, మహిళలపై హింసను అరికట్టే ఇస్తాంబుల్ ఒప్పందం నుంచి దేశాన్ని బయటికి తెచ్చేశారు. కుటుంబ విలువలకు సరిపడదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కానీ అక్కడి సొంత గృహహింస చట్టం, 6284 నంబరుది, రద్దు కాలేదు. మీవారు చూసే వీడియోల్లో ఆ ముక్క ఉండదు లెండి. రష్యాలో 2017లో, పెద్ద గాయం కాకుండా ఇంట్లో వాళ్లను మొదటిసారి కొడితే జరిమానాతోనో కొద్దిరోజుల నిర్బంధంతోనో సరిపెట్టేలా మార్చారు. భార్యను కొట్టే హక్కు మాత్రం అక్కడా ఎవరికీ ఇవ్వలేదు.

మన 2005 గృహహింస చట్టం పార్లమెంటు చేసింది. దాన్ని శాశ్వతంగా తీసేయాలంటే ఉభయ సభలూ ఒప్పుకోవాలి. 2024 జులై 1న శిక్షాస్మృతి మొత్తం మారినా, భార్యను హింసించే భర్తను, అత్తింటివాళ్లను శిక్షించే 498ఏ సెక్షన్ పోలేదు, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. రేపెప్పుడో రద్దయినా, రద్దు చట్టంలో వేరేగా రాస్తే తప్ప, అప్పటికే వేసిన కేసు జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం నడుస్తుంది. ఆ భయమే ఉంటే ఇప్పుడే వేయడం మంచిది.

ఫ్లాట్ సంగతి. అత్తగారి పేరున ఉన్నా, మీరిద్దరూ కాపురం చేస్తున్న ఇల్లయితే, చట్టప్రకారం తప్ప మిమ్మల్ని గెంటేయడానికి లేదు. 2020లో సతీశ్ అహూజా కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. సీనియర్ సిటిజన్ల చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలి నివాస హక్కును తీసేయలేరని అదే ఏడాది డిసెంబరులో బెంగళూరు నుంచి వెళ్లిన కేసులోనే తేల్చింది.

ఈసారి దెబ్బ తగిలితే వాపు తగ్గేదాకా ఆగకండి. ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, ఎవరు కొట్టారో డాక్టరుకు చెప్పి, కేసుకు పనికొచ్చే వైద్య నివేదిక, అంటే ఎంఎల్‌సీ రాయించుకోండి. జారిపడ్డానని చెబితే ఆ కాగితమే రేపు మీకు ఎదురు తిరుగుతుంది. బెదిరింపు మెసేజులు డిలీట్ చేయకండి. కన్నడ రాదని టెన్షన్ వద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. పుట్టింట్లో ఉంటే అనంతపురం కోర్టులోనూ గృహహింస కేసు వేయొచ్చు. 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది కానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. తీర్పు వచ్చేలోగా రక్షణకు మధ్యంతర ఉత్తర్వు అడగండి. విడాకులు కోరనక్కర్లేదు, కొట్టకూడదన్న ఉత్తర్వు ఒక్కటే కోరినా చాలు. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు.

ఆయన పొమ్మన్నారని ఇల్లు వదలకండి. ప్రాణభయం ఉంటే మాత్రం హక్కుల సంగతి తర్వాత, ముందు బయటపడి 112కి ఫోన్ చేయండి.