నులిపురుగుల మాత్ర మళ్లీ మళ్లీ ఎందుకు వేయాలి?

"ఫిబ్రవరిలో అంగన్‌వాడీలో వేశారు కదా, ఆగస్టులో మళ్లీ ఎందుకు?" అని అడిగారు. ఆల్బెండజోల్ అనే ఈ మాత్ర అప్పటికి పేగుల్లో ఉన్న పురుగులనే చంపుతుంది. ఆ తర్వాత లోపలికి వచ్చేవాటిని ఆపలేదు. అసలు చిక్కంతా మట్టిలో ఉంది. ఏలికపాము అనే నులిపురుగులో ఒక్క ఆడది రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. ఆరుబయట మలవిసర్జన జరిగే చోట అవి మట్టిలో కలిసి, కొన్ని వారాల్లో సోకే స్థితికి వస్తాయి, నెలల తరబడి బతుకుతాయి. పాకే బిడ్డ నేలకు ఆనించిన చేతినే నోట్లో పెట్టుకుంటే చాలు. కొంకిపురుగు అనే మరో రకం నులిపురుగు లార్వాలైతే (పిల్ల పురుగులు) చెప్పుల్లేని పాదాల చర్మం గుండానే దూరి, చివరికి పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. బిడ్డ పాలిపోయి, ఆటలో త్వరగా అలసిపోతుంటే తిండి చాలడం లేదనుకుంటాం, కానీ ఈ పురుగుల వల్ల రక్తం తగ్గి ఉండొచ్చు. దయచేసి రక్తపరీక్ష చేయించండి.

2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ కార్యక్రమం ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల వారికి సగం మాత్ర, ఆపై 19 ఏళ్ల వరకు పూర్తి మాత్ర, అంటే 400 మిల్లీగ్రాములు. పసివాళ్లకు పొడి చేసి నీళ్లలో కలిపి పట్టాలి. ఏడుస్తున్న బిడ్డ నోట్లో మాత్రను బలవంతంగా కుక్కకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ఆ రోజు జ్వరంగా ఉంటే తగ్గాక వేయించండి.