బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడు

ఒరే అబ్బయా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలు చూశాను. తెల్ల కారు, 2014 మోడల్, చెన్నై రిజిస్ట్రేషన్, తిరిగింది 38 వేల కిలోమీటర్లు, మూడు లక్షల ఇరవై వేలు, ఒకే ఓనరు, అదీ డాక్టరు గారు. డాక్టరు గారు అనగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే 1998లో నేను కొన్న కారు కూడా డాక్టరు గారిదే. ఏ బ్రోకర్ని అడిగినా డాక్టరు గారి బండే అంటాడు, మేస్త్రీ గారి బండి, లెక్కల మాస్టారి బండి అని చెప్పి అమ్మినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. పదకొండేళ్లలో 38 వేలంటే నెలకి మూడొందలు కూడా పడదు. మరి ఆ డాక్టరు గారు క్లినిక్‌కి నడిచి పోయేవారేమో కనుక్కో.

మీ అమ్మ మోకాళ్లతో సింగరాయకొండ నుంచి ఒంగోలు దాకా బైకు వెనక కూర్చోలేదు, కారు కొనాలనుకోవడం తప్పేం కాదు. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని పెట్టేస్తావు, అందుకని కూర్చుని రాస్తున్నా. అడ్వాన్స్ ఇవ్వకముందే చదువు.

అప్పటికి నువ్వు పుట్టలేదు. నేను కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పని చేస్తున్నా, జీతం ఏడు వేల లోపు. మా తోడల్లుడు అంబాసిడర్ కొన్నాడు, అసలు రోగం అక్కడ మొదలైంది. చెన్నైలో పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో మెరూన్ రంగు డీజిల్ కారు ఉందంటే పోయాను. ఏ కంపెనీదో చెప్పను, ఆ కంపెనీ బళ్లు మనూళ్లో ఇంకో పది తిరిగేవి, వాటికేం జబ్బు లేదు, నాకు అంటగట్టిందే జబ్బుది. నేను పోయేసరికి పదకొండు గంటలైంది, ఇంజిన్ అప్పటికే ఆన్‌లో ఉంది, బ్రోకరు తలుపు తీసి కూర్చోమన్నాడు, టేప్ రికార్డర్లో పాట పెట్టాడు. అంతే. బ్లాక్ బోర్డు మీద ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ రోజు ఒక్క లెక్కా వెయ్యలేదు. 72 వేలు. అందులో 30 వేలు మీ పెద్దమ్మ వాళ్ల నాన్న ఇచ్చారు. ఇస్తూ ఆయన అడిగింది ఒకే మాట, "బండి ఎవరికన్నా తెలిసినోళ్లకి చూపించావా అబ్బాయ్?" అని. చూపించానన్నాను. ఎవరికీ చూపించలేదు.

నాయుడుపేట దాటగానే ఇంజిన్ వేడి చూపించే ముల్లు పైకి పోయింది. నాకేం తెలుసు, బండి ఆపి రేడియేటర్ మూత తిప్పాను, ఒక్కసారిగా ఎగజిమ్మింది. నా ఎడమ మణికట్టు మీద మచ్చ ఉంటుందే, నువ్వు చిన్నప్పుడు అడిగితే టపాకాయ అని చెప్పాను, అది టపాకాయ కాదు. ఏ కారైనా సరే వేడెక్కితే ఇంజిన్ ఆపి అరగంట పైన చల్లారనివ్వు, మూత జోలికి పోవద్దు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు థర్మోస్టాట్ అని ఒకడు, వాటర్ పంపు అని ఒకడు, ఫ్యాన్ బెల్టు అని ఇంకొకడు, అన్నీ మార్పించాను. ఆఖరికి కావలి ట్రంకు రోడ్డు పక్కన షెడ్డులో ఒక ముసలి మెకానిక్, కిరసనాయిలు గుడ్డతో ఇంజిన్ పక్క జిడ్డంతా తుడిచి, అక్కడున్న నంబరు చదివి, "సార్, ఆర్సీ తీయండి" అన్నాడు. రెండూ కలవలేదు. అది పెట్రోలు బండి! అప్పట్లో డీజిల్ బాగా చవక కదా, చాలామంది పెట్రోలు ఇంజిన్ పీకించి పాత డీజిల్ ఇంజిన్ పెట్టించుకునేవాళ్లు. దానికి ఆర్టీఓ పర్మిషన్ తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి. నా బండిది ఎక్కించలేదు, రేడియేటర్ మాత్రం ఆ పాత చిన్నదే ఉంచేశారు. పిల్లోడి చొక్కా తండ్రికి తొడిగినట్టు. కాగకేం చేస్తుంది మరి.

ఆ బండితో పడ్డ తిప్పలన్నీ రాస్తే తెల్లారిపోతుంది, ఒక్కటి చెబుతా. 1999 మే నెల, మండుటెండ, నెల్లూరు మూలాపేటలో పెళ్లి, పదకొండు నలభైకి ముహూర్తం. ముందు సీట్లో మా మామగారు, ఇస్త్రీ మడత నలగని తెల్లపంచె, కాళ్ల మధ్య ఐదు లీటర్ల పసుపు రంగు నూనె డబ్బా, దాని నిండా నీళ్లు. రాజుపాలెంలో ఒకసారి చల్లార్చి పోశాం. కోవూరులో మళ్లీ పోశాం, డబ్బా ఖాళీ. పెన్న బ్రిడ్జి మీద సగం దాకా వచ్చాక బోనెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది, బండి ఆగింది. కింద చూస్తే పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు, ఆ సెగ పైకి కొడుతోంది. వెనక బస్సులు హారన్లు, ఒక కండక్టర్ సగం బయటికి వేలాడుతూ మా వంశాన్నంతా తలుచుకుంటున్నాడు. మామగారు ఏమీ అనలేదు. దిగారు, పంచె ఎగ్గట్టారు, కండువా తలకి చుట్టారు, వెనక్కి పోయి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి తొయ్యడం మొదలుపెట్టారు. అరవై ఎనిమిదేళ్లు ఆయనకి. లారీ క్లీనర్ ఒకడు, సైకిల్ మీద పోతున్న మనిషి ఒకడు వచ్చి చేతులు కలిపారు.

మేం పోయేసరికి తలంబ్రాలు అయిపోయాయి. పందిట్లో ఎవరో అడిగారు, బస్సుకి వచ్చారా అని. "మా అల్లుడి కార్లో వచ్చాం" అన్నారు ఆయన, నలుగురికీ వినబడేలా. మోకాలి దగ్గర పంచెకి నల్లటి గ్రీజు మరక, అరచెయ్యంత. ఆ మడత లోపలికి తిప్పి కూర్చున్నారు, భోజనాలయ్యేదాకా అలాగే పట్టుకుని ఉన్నారు.

ఇప్పుడు నీకు అసలు చెప్పాలనుకున్నది. కొనడం తప్పే, కానీ దానికన్నా పెద్ద తప్పు దాన్ని వదిలించుకోకపోవడం. ఆ పెళ్లికి ముందే అల్లూరు నుంచి ఒకాయన వచ్చి, ఇంజిన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పినా, 35 వేలు ఇస్తానన్నాడు. 72కి కొన్నదాన్ని 35కి ఎలా ఇస్తామని పంపించేశాను. పెళ్లి నుంచి వచ్చాకైనా బుద్ధి రావాలి కదా, రాలేదు, మామగారు పదిమందిలో అల్లుడి కారు అన్నాక ఇక దాన్ని బాగుచేసి చూపించాల్సిందే అనిపించింది. రెండుసార్లు హెడ్ గ్యాస్కెట్, క్లచ్ ప్లేట్లు, డైనమో, పెద్ద రేడియేటర్ ఒకటి, అది పెడితే ముందు జాలీ పట్టక దానికి టింకరింగ్. మీ పెద్దమ్మ పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీల నుంచి ఈ ఖర్చు రాస్తూ వచ్చింది, నాకు చెప్పకుండా. మూడున్నరేళ్లకి పాల లెక్క, కారు లెక్క మధ్యలో కలుసుకున్నాయి. అప్పుడు తెచ్చి నా ముందు పెట్టింది. 61,400. పాత ఇనుము వాడు 9 వేలిచ్చి తోలుకుపోయాడు, తోలుకుపోయాడు అనడమే గానీ తాడు కట్టి లాక్కుపోయాడు.

అందుకని నువ్వు కొనేరోజే ఒక అంకె రాసి మీ అమ్మ చేతికియ్యి. మొదటి ఏడాదిలో రిపేర్లకి ఇంతకు మించి పెట్టను, దాటితే ఎంతొస్తే అంతకి అమ్మేస్తాను అని. మూడు లక్షల బండికి నలభై వేలు అనుకో. టైర్లు, బ్యాటరీ, సర్వీసింగ్ ఇందులో కలపొద్దు, అవి ఏ బండికైనా తప్పవు. పోయిన డబ్బు కోసం ఉన్న డబ్బు పొయ్యకు.

ఇక ఆ తెల్ల కారు సంగతి. చెన్నై బండి అన్నావు కాబట్టి నాకు ముందు గుర్తొచ్చింది నీళ్లు. 2015 డిసెంబర్లో చెన్నై మునిగింది, 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫానుకి మళ్లీ మునిగింది. మునిగిన బళ్లు కడిగి, సీట్లు ఆరబెట్టి, సెంటు కొట్టి ఇంకో ఊళ్లో అమ్ముతారు. సెంటు వాసన మరీ గుప్పుమంటే అక్కడే అనుమానించు. సీటు బెల్టు మొత్తం బయటికి లాగు, ఎవడూ అంత లోపలి దాకా కడగడు, బురద చార ఉంటే అక్కడే కనబడుతుంది. కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూడు, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో తుప్పు చూడు. మనకి సముద్రం పక్కనే కాబట్టి తలుపుల కింద అంచులు, చక్రాల పైన లోపలి వైపు కూడా వేలితో తడిమి చూడు, ఉప్పుగాలి ముందు తినేది అక్కడే. పుట్టీ పెట్టి పెయింట్ కొట్టారేమో తెలియాలంటే చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి ఆనించు, రేకుకి పట్టినట్టు పుట్టీకి పట్టదు. బంపర్ ప్లాస్టిక్, దానికి ఎటూ పట్టదు, అక్కడ పెట్టి గొడవ పడకు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఆయిల్ పోసే మూత తీసి చూడు, లోపల మజ్జిగలాంటి తెల్లటి నురగ ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమోనని భయపడాలి, హెడ్ గ్యాస్కెట్ పోతే జరిగేది అదే, నాకు రెండుసార్లు తగిలిన దెబ్బ. వెనక నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని. చల్లని పొద్దున స్టార్ట్ చెయ్యగానే కాస్త తెల్ల ఆవిరి మామూలే, బండి కాగాక కూడా ఆగకుండా వస్తుంటే వద్దు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3418 అంటే 2018లో 34వ వారం తయారైందని. నాలుగింటికీ నాలుగు రకాలుంటే ఆ 38 వేల కథ ఎంతవరకు నిజమో నువ్వే ఆలోచించు.

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో పక్కన పెట్టి ఒక్కో అంకె చదువు. నా మాట విను, ఒక్కో అంకె. ఇప్పుడు డీజిల్ మార్పిళ్లు పోయి గ్యాస్ కిట్లు వచ్చాయి, బయట బిగించిన కిట్ ఆర్సీలో ఎక్కకపోతే రేపు ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ దగ్గర అదే పట్టుకుంటారు. ఫైనాన్స్ ఉన్న బండైతే అప్పు తీరిందని బ్యాంకు లెటరుతో పాటు ఫారం 35 కావాలి. వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఫారం 28, అది అమ్మేవాడే తెప్పించి ఇవ్వాలి, "తర్వాత పంపిస్తాం సార్" అంటే డబ్బు కూడా తర్వాతే. బండి ఇక్కడికి వచ్చాక పన్నెండు నెలల్లోపు మన నంబరు వేయించుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ కూడా కలిపితే మూడు ఇరవై కాస్తా ఎంతవుతుందో ముందే కనుక్కో. పైగా 2029కి దానికి పదిహేనేళ్లు నిండి ఆర్సీ గడువు తీరుతుంది. ఇన్సూరెన్స్ నీ పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లోపు అడగాలి, క్లెయిమ్ చెయ్యనందుకు పాత ఓనరుకొచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, మాత్రం నీకు రాదు.

కారొచ్చాక నీ బైకు అమ్మేస్తావు కదా, పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలు పెట్టి చేతులు దులుపుకోవద్దు, ఆర్సీ కొన్నవాడి పేరుకి మారిందాకా వెంటపడు. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, యాక్సిడెంట్ పరిహారం వాళ్ల మీదికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ నాన్నని తీసుకుపోవద్దు. వాడికి కొత్త సామాను కనబడితే చాలు, నీకన్నా ముందు వాడే అడ్వాన్స్ ఇచ్చేస్తాడు. కావలి షెడ్డు పెద్దాయన ఇప్పుడు లేడు, ఆయన కొడుకు చూస్తున్నాడు, అతనికి వెయ్యి రూపాయలిచ్చి నేను వెంటబెట్టుకొస్తా. ఆదివారం తొమ్మిదింటికి వస్తామని ఆ బ్రోకర్‌కి చెప్పు. మనం ఏడున్నరకే పోదాం, వాడు స్టార్ట్ చేసి కాగబెట్టి ఉంచకముందే. పోగానే నువ్వు వాడితో మాట్లాడుతూ ఉండు, నేను బోనెట్ మీద చెయ్యి పెట్టి చూస్తా.

మీ పెదనాన్న
కావలి